ముత్యం సంగతి తరువాత, ముందు చిప్పను చూడండి

సంక్రాంతి వెళ్లిందంటే నాకు ఒక రకం ఫోన్లు మొదలవుతాయి. ఎప్పుడో నా దగ్గర బీయస్సీ చదివిన పిల్లలు చేస్తారు. ఉద్యోగం దొరకక కొందరు, దొరికింది నచ్చక కొందరు, ఊళ్లో తాతగారి పొలం ఊరికే పడి ఉందని మరికొందరు. కుశల ప్రశ్నలు రెండు నిమిషాల్లో తేలిపోతాయి. ఆ తరువాత అసలు మాట వస్తుంది. "మేడం, అర ఎకరంలో చెరువు తవ్వించి ముత్యాల సాగు చేస్తే ఏడాదికి ఎంత మిగులుతుంది?" ఏదో వీడియో చూసి ఉంటారు. నేనూ కొన్ని చూశాను. తెరిచిన చిప్ప, అందులో మెరిసే ముత్యం, వెనక ఉత్సాహంగా సంగీతం, కింద లక్షల్లో అంకెలు. చిప్ప మాత్రం ఆ తెరవడంతోనే చచ్చిపోయిందన్న సంగతి ఎవరూ ఎత్తరు.

అంకెలు నేను చెప్పను. ఎదురు ప్రశ్న వేస్తాను: "బతికున్న ఆల్చిప్పను ఆఖరిసారి ఎప్పుడు చూశావురా?" అవతల గొంతు సవరించుకుంటున్న చప్పుడు. చాలామంది చూసింది రికార్డు పుస్తకంలో తామే పెన్సిలుతో గీసి, భాగాలు గుర్తించి, నా చేత సంతకం పెట్టించుకున్న బొమ్మను. జువాలజీ చదివిన వాళ్ల పరిస్థితే ఇది. మిగతా వాళ్లను ఏమనగలం? అందుకని ఫోనులో విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాసిపెడుతున్నాను.

ముత్యపు చిప్ప అనగానే మనకు సముద్రం, స్వాతి కార్తె చినుకు గుర్తొస్తాయి. నేను చెప్పేవి సముద్రం మొహం ఎరగనివి. చెరువుల్లో, పంట కాలువల్లో, గోదావరి, కృష్ణల ఇసుక మేటల అంచుల్లో ఉంటాయి. పుట్టడం, పెరగడం, పోవడం అన్నీ మంచినీళ్లలోనే. మన దేశంలో అందరికీ తారసపడేది లామెల్లిడెన్స్ మార్జినాలిస్. అరచేతి పొడవు ఉంటుంది. పైన ఆకుపచ్చ కలిసిన గోధుమరంగు, ముదిరితే నలుపు. లోపల వెండి మెరుపు. దానికి దగ్గరి బంధువు లామెల్లిడెన్స్ కొరియానస్. ఇంకొంచెం పొట్టిగా, గట్టిగా, పైన ముడతలతో ఉండేది పరేసియా కొరుగేటా. ఇవి కాక ఇసుకలో బొటనవేలి గోరంత గుండ్రటి చిన్న గుల్లలు ఉంటాయి, పైన వరుసగా గాడులతో. అవి కార్బిక్యులాలు. ఏట్లో ఇసుక జల్లించే చోట గుప్పెళ్లకొద్దీ దొరుకుతాయి. వాటిని ఎవరూ పట్టించుకోరు, ముత్యం ఇవ్వవు కదా.

ఆల్చిప్ప ఏం చేస్తుందో ఉపన్యాసం ఇచ్చేకంటే రెండు గాజు తొట్లు పెట్టడం నాకు తేలిక. ఏటా మొదటి సంవత్సరం పిల్లలకు ఇది చేసి చూపిస్తాను. జంతువులను కోయడం మానేయమని యూజీసీ చెప్పాక ల్యాబులో మిగిలిన మంచి పని ఇదే అనిపిస్తుంది. పొద్దున్నే చెరువు నుంచి పచ్చటి నీళ్లు తెప్పించి రెండు తొట్లలోనూ పోస్తాం. రెండింటి అడుగునా ఇసుక. ఒకదాంట్లో మాత్రం నాలుగైదు చిప్పలు. మొదటి అరగంట ఏమీ జరగదు. పిల్లలు ఫోన్లు తీస్తారు. అప్పుడు ఒక చిప్ప అంచు బియ్యపు గింజ మందాన విడుతుంది. ముందువైపు నుంచి పాలమీగడ రంగులో నాలుక వంటిది బయటికొస్తుంది. అదే దాని పాదం. అది ఇసుకలోకి దూరి, కొసన ఉబ్బి, లంగరు వేసుకుని, ఒక్క ఊపుతో చిప్పను కిందికి లాగుతుంది. కాస్త ఆగి మళ్లీ దూరుతుంది, మళ్లీ లాగుతుంది. పావుగంటలో అటూ ఇటూ ఊగుతూ సగానికి పైగా దిగిపోయి ఏటవాలుగా నిలబడుతుంది. వెనుక కొస ఒక్కటే పైకి కనిపిస్తుంది.

ఆ కొసలో రెండు చీలికలుంటాయి. ఒకదాని అంచుకు సన్నటి కుచ్చు, రెండోది నున్నగా ఉంటుంది. నమ్మని వాళ్ల కోసం కేకుల్లో వేసే రంగు ఒక చుక్క డ్రాపరుతో కుచ్చు దగ్గర వదులుతాను. రంగు దారం కట్టి లాగినట్టు లోపలికి పోతుంది. కాసేపటికి నున్నటి చీలిక నుంచి పలచబడి బయటికి వస్తుంది. లోపల చిప్పకు ఆనుకుని ఉండే మెత్తటి పొర, అదే ప్రావారం, దాని కింద రెండు వైపులా మొప్పలు, మొప్పల మీద క్షణం ఆగకుండా కదిలే సన్నటి రోమాలు. నీటిని లాగేవి ఆ రోమాలే. మొప్ప ఊపిరికీ అదే, తిండికీ అదే. నాచు కణాలను, బాక్టీరియాను, కుళ్లిన ఆకుల పొడిని పట్టి నోటివైపు నెడుతుంది. పనికిరానిదాన్ని జిగురులో చుట్టి పక్కకు ఉమ్మేస్తుంది. ఆ ఉమ్మింది అడుగుకు చేరి అక్కడి పురుగులకు మేత అవుతుంది.

భోజనాలు చేసి వచ్చేసరికి చిప్పలున్న తొట్టెలో నుంచి అవతలి గోడ మీద ఉన్న గడియారం ముళ్లు కనబడతాయి. రెండోది పొద్దున ఎలా ఉందో అలాగే పచ్చగా ఉంటుంది. పెద్ద చిప్ప ఒకటి రోజుకు 40 లీటర్ల దాకా వడపోయగలదు. ఒక చెరువులో వేలల్లో ఉంటే లెక్క మీరే వేసుకోండి. మనం దానికి కరెంటు బిల్లు కట్టడం లేదు.

నీళ్లు బాగాలేకపోతే చిప్ప చేసే పని ఒక్కటే, తలుపు మూసుకుంటుంది. పోలండ్ రాజధాని వార్సాలో ఈ గుణాన్ని ఉద్యోగంగా మార్చారు. విస్తులా నది నుంచి ఊరికి వచ్చే నీటిని కాపలా కాయడానికి అక్కడి నీటి సంస్థ ఎనిమిది ఆల్చిప్పలను పెట్టుకుంది. ఒక్కో చిప్ప ఎంత తెరుచుకుందో ఒక అయస్కాంతం, ఒక సెన్సారు చూస్తుంటాయి. ఒకటి మూసుకుంటే దాని ఇష్టం. కొన్ని కలిసి ఒక్కసారి మూసుకుంటే గంట మోగుతుంది. యంత్రాలు లేక కాదు. ఏ పరీక్ష చేయాలో ముందే తెలిస్తేనే యంత్రం కనిపెడుతుంది, చిప్పకు ఆ ఇబ్బంది లేదు. కొంతకాలం పని చేయించుకుని వాటిని తిరిగి నీళ్లలో వదిలేస్తారట. నా పింఛను కాగితాలు తిరుగుతున్న తీరు చూస్తే వాటి ఉద్యోగమే నయం.

ఇదే కారణానికి ఒక మాట. నీటిలో ఉన్నదంతా దాని ఒంట్లో చేరుతుంది, సీసం, కాడ్మియం వంటి లోహాలతో సహా. దేశానికి తూర్పున, ఈశాన్యంలో చాలాచోట్ల వీటిని ఇష్టంగా వండుకుంటారు. మన దగ్గర నత్తలకున్నంత గిరాకీ వీటికి లేదు. తినేవాళ్లు తినండి గానీ, ఊరి మురుగు కలిసే చెరువువి, ఫ్యాక్టరీ దిగువ కాలువవి మాత్రం వద్దు.

మా ల్యాబుకు చిప్పలు తెచ్చి ఇచ్చేది వలలు వేసే ఒక పెద్దాయన. నన్ను "అమ్మా" అంటాడు, నేను "బాబాయ్" అంటాను. రెండేళ్లుగా సంచి ఇచ్చేటప్పుడు ఒకే మాట అంటున్నాడు. "పెద్ద చెరువులో చిప్పలున్నాయమ్మా. పిల్ల చిప్పలు మాత్రం లేవు. అన్నీ ముసలివే." మొదట నేను అంత పట్టించుకోలేదు. తరువాత ఆయన తెచ్చిన వాటిని బల్ల మీద పరిచి చూస్తే నిజమే, అన్నీ నల్లగా ముదిరి, వీపు దగ్గర పెచ్చులూడినవే. ఐరోపాలో చల్లటి ఏళ్లలో మార్గరిటిఫెరా అని ఒక ముత్యపు చిప్ప ఉంది, నూరేళ్లు దాటి బతుకుతుంది. అక్కడి శాస్త్రవేత్తలు కొన్ని నదుల గురించి చెప్పేది కూడా ఇదే. ముసలివి ఉన్నాయి, పిల్లలు లేవు. నది అడుగున అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఉన్న ముసలివి పోయిన రోజు మాత్రం ఇక ఏమీ ఉండదు. స్కాట్లాండులో 1998 నుంచి వాటిలో ముత్యాల కోసం వెతకడమే నిషేధం.

పిల్లలు ఎందుకు లేవు? దానికి జవాబు చేపలో ఉంది. నాకు ఈ జంతువులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మగ చిప్ప బీజాన్ని నీళ్లలోకి వదిలేస్తుంది. ఆడ చిప్ప పీల్చే నీటితో అది లోపలికి వెళుతుంది. గుడ్లు ఆమె మొప్పల్లోనే పొదుగుతాయి. ఆ రోజుల్లో మొప్ప ఉబ్బి, రంగు మారి ఉంటుంది. చిప్పను చంపకుండా, కొద్దిగా తెరిచి, సన్నటి సిరంజితో ఆ మొప్పను నీటితో కడిగి, వచ్చిన నీటిని సూక్ష్మదర్శిని కింద పెట్టవచ్చు. ఇసుక రేణువు కంటే చిన్న జీవులు వందలకొద్దీ కనిపిస్తాయి. ఒక్కోదానికి రెండేసి చిన్న చిప్పలు, నోళ్లు తెరుచుకుని వెల్లకిలా పడి ఉంటాయి. మన పుస్తకాల్లో గ్లోఖిడియం డింభకం, అంటే చిప్ప పసిరూపం, అని చదువుకున్నది ఇదే. ఇప్పుడు ఆ నీటి బొట్టు అంచున ఒక ఉప్పు రవ్వ వేస్తాను. ఉప్పు కరిగి చేరిన వైపు నుంచి వరుసగా అవి టక్కున మూసుకుంటాయి. ఏటా ఈ క్షణంలోనే క్లాసులో ఎవరో ఒకరు "అమ్మో" అంటారు. ఫోన్లు జేబులోకి పోయేది అప్పుడే.

అవి ఎదురు చూస్తున్నది నిజానికి ఉప్పు కోసం కాదు, చేప కోసం. చేప మొప్పకో రెక్కకో తగిలిన క్షణాన మూసుకుని అక్కడే పట్టేసుకుంటాయి. చేప చర్మం వాటి మీదుగా పెరిగి చిన్న తిత్తి కడుతుంది. లోపల కొన్ని రోజులో కొన్ని వారాలో ఉండి, డింభకం అసలు చిప్పగా మారి, తిత్తి పగలగొట్టుకుని రాలిపోతుంది. చేప దొరకనివి కొద్ది రోజుల్లోనే చచ్చిపోతాయి. తల్లి వేలకు వేలు, కొన్ని జాతుల్లో లక్షలకు లక్షలు వదిలేది అందుకే. 1797లో రాత్కే అనే శాస్త్రవేత్త చిప్ప మొప్పల్లో వీటిని చూసి, ఇవేవో ఆల్చిప్పను పీడించే పరాన్నజీవులని తీర్మానించి వాటికి పేరు కూడా పెట్టాడు. తల్లి కడుపులోని బిడ్డను చూసి రోగం అనుకున్నాడు పాపం. పరాన్నజీవి అన్న మాట మాత్రం సగం నిజమే అయింది. అతిథేయి, అంటే దానికి ఆశ్రయం ఇచ్చే జీవి, ఎవరన్నదే తప్పింది.

ఇందులో ఇంకో లాభం ఉంది. పాదంతో బురదలో కొన్ని మూరలు జరిగే జంతువు కాలువకు ఎదురెక్కి పై ఊరి చెరువుకు ఎలా వెళుతుంది? చేప ఎక్కి వెళుతుంది. టిక్కెట్టు లేని ప్రయాణం. చేపకు కొద్దిగా దురద తప్ప పెద్ద నష్టం ఉండదు, మరీ ఎక్కువ పట్టుకుంటే తప్ప.

చేప తనంత తాను వస్తుందని మన చిప్పలు కూర్చుంటే, అమెరికా నదుల్లో కొన్ని చిప్పలు ఎర వేస్తాయి. లాంప్సిలిస్ జాతుల్లో తల్లి తన ప్రావారపు అంచును బయటికి చాపుతుంది. దాని మీద కన్ను మచ్చ, తోక, చార, అచ్చం చిన్న చేప. పైగా ఈదుతున్నట్టు ఆడిస్తుంది. పెద్ద చేప దాన్ని కొరకబోతే నోటినిండా డింభకాలు. చిప్పకు కళ్లు లేవు, తన జన్మలో చేపను చూసి ఎరగదు. అయినా అంత చక్కటి చేప బొమ్మ. ఎపియోబ్లాస్మా అనే మరో రకం ఇంకా మొండిది. రాళ్లు తిరగేస్తూ మేత వెతికే ఒక చిన్న చేప తన మీదికి రాగానే దాని తలను రెండు చిప్పల మధ్య బిగించి పట్టుకుని, డింభకాలను మొప్పల్లోకి వదిలాకే విడిచిపెడుతుంది. ఆ చేప పుర్రె గట్టిది కాబట్టి బతికి బయటపడుతుంది. మిగతా చేపల్లో చాలావాటికి అంత అదృష్టం ఉండదు.

ఉత్తర అమెరికాలో ఇలాంటి మంచినీటి ఆల్చిప్పలు దాదాపు 300 జాతులు. అంత వైవిధ్యం ప్రపంచంలో మరెక్కడా లేదు. అంత దారుణంగా పోగొట్టుకున్నదీ వాళ్లే. అయోవా రాష్ట్రంలో మిసిసిపీ ఒడ్డున మస్కటీన్ అని ఒక ఊరు ఉంది. జాన్ బొప్పల్ అనే జర్మన్ బొత్తాల పనివాడు 1890ల మొదట్లో అక్కడ నది చిప్పల నుంచి చొక్కా గుండీలు కోయడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ ఒక్క ఊరే ఏడాదికి 150 కోట్ల గుండీలు చేస్తోంది. నదిని దువ్వి దువ్వి చిప్పలు తీశారు, మాంసం పారేశారు, గుండ్రటి రంధ్రాలు పడిన చిప్పలను గుట్టలు పోశారు. ప్లాస్టిక్ గుండీలు వచ్చాకే ఆ పని ఆగింది. బొప్పల్ 1912లో పోయాడు. నదిలో ఒక చిప్ప మీద కాలు వేస్తే తెగి, ఆ పుండు విషమించి. కథ రాసేవాడు ఇలా రాస్తే మరీ అతిగా ఉందంటాం.

గుండీల తరువాత జపాను వాళ్లు వచ్చారు. సముద్రపు ముత్యాల సాగులో ముత్యపు చిప్ప లోపల ఒక గుండ్రటి పూస పెడతారు, దాని చుట్టూ ముత్యపు పొర చేరుతుంది. ఆ పూసకు గట్టిగా, తెల్లగా, మందంగా ఉండే పదార్థం కావాలి. ఏళ్ల తరబడి వెతికితే అన్నిటికంటే బాగా కుదిరింది మిసిసిపీ, టెనెసీ నదుల ఆల్చిప్ప. టన్నులకొద్దీ కొనుక్కుపోయి పూసలు కోశారు. కాబట్టి మీ అమ్మమ్మగారి పెట్టెలో జపాను ముత్యాల దండ ఉంటే, ఒక్కో ముత్యం లోపల అమెరికా మంచినీటి చిప్ప ముక్క ఉండే అవకాశమే ఎక్కువ. పైన కనిపించే సముద్రం పలచటి పొర మాత్రమే. ఇక హైదరాబాదు పత్తర్‌గట్టీలో ఇప్పుడు మనం కొనే ముత్యాల్లో ఎక్కువ భాగం చైనా చెరువుల్లోవి. అక్కడి పెద్ద ఆల్చిప్ప ఒక్కదాని ప్రావారంలోనే ఒకేసారి పాతిక, ముప్ఫై ముక్కలు నాటి అన్ని ముత్యాలు తీస్తారు. వాటిలో పూస ఉండదు, అంతా ముత్యపు పొరే. ఒకప్పుడు హైదరాబాదుకు వచ్చిన బస్రా ముత్యాలు సముద్రానివి. ఊరి పేరు మారలేదు, ముత్యం మాత్రం సముద్రం వదిలి చెరువుకు వచ్చింది.

సరే, మన సాగు దగ్గరికి వద్దాం. భువనేశ్వర్ పక్కన కౌసల్యగంగలో కేంద్ర మంచినీటి జలజీవుల పెంపకపు సంస్థ ఉంది, అందరూ సీఫా అంటారు. 1980ల చివరి నుంచి వాళ్లు మన లామెల్లిడెన్స్, పరేసియాల మీద పని చేసి పద్ధతులు తయారు చేశారు. మూడు దారులు. ప్రావారానికీ చిప్పకూ మధ్య అచ్చు బొమ్మ పెట్టడం ఒకటి. వినాయకుడు, సిలువ వంటి బొమ్మ ముత్యాలు ఇలా వచ్చేవే. చైనాలో బుద్ధుడి బొమ్మలను ఇలా పెట్టడం 13వ శతాబ్దం నాటికే ఉంది. రెండోది, ఒక చిప్ప ప్రావారం ముక్కను మరో చిప్ప ప్రావారంలో నాటడం. మూడోది, ఆ ముక్కతో పాటు చిన్న పూసను బీజకోశంలో పెట్టడం. ఇది అన్నిటికంటే చేయి తిరగాల్సిన పని.

చదవడానికి మూడు వాక్యాలే. చేసేటప్పుడు చూడండి. ముందు చిప్పలను రెండు మూడు రోజులు కొద్ది నీళ్లలో ఇరుకుగా ఉంచాలి, కండరం సడలడానికి. తరువాత మూతను సెంటీమీటరు కూడా తెరవకుండా పని కానివ్వాలి. ఎక్కువ తెరిస్తే కండరం తెగుతుంది, అంతటితో సరి. పని అయ్యాక పది రోజులు మందు కలిపిన నీళ్లలో ఆస్పత్రి వాసం. చచ్చినవాటిని రోజూ ఏరి తీసేయాలి. లేకపోతే ఒకటి కుళ్లి పక్కవాటిని చంపుతుంది. ఆ తరువాత నైలాను సంచుల్లో రెండేసి పెట్టి, మీటరు లోతున వేలాడదీసి, ఏడాదో ఏడాదిన్నరో ఎదురుచూడాలి. సున్నం పాళ్లు, నాచు, ఎండ, వాన అన్నీ చూసుకుంటూ. చివరికి అన్నీ గుండ్రంగా రావు. వచ్చినవన్నీ మెరవవు. మెరిసినవన్నీ అమ్ముడుపోవు.

నేను వద్దనడం లేదు. శిక్షణ తీసుకుని ఓపికగా చేస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్లంటే నాకు గౌరవం. నన్ను గుచ్చేది వేరే సంగతి. సాగు అంటున్నాం గానీ, విత్తనం ఎక్కడిది? కోళ్లకు హేచరీ ఉంది, రొయ్యకు హేచరీ ఉంది. ఆల్చిప్పను మాత్రం చాలామంది ఊరి చెరువులో నుంచి ఏరి తెస్తారు, లేదా ఏరిన వాళ్ల దగ్గర కొంటారు. ఎనిమిది, పది సెంటీమీటర్ల పెద్దవే కావాలి, అంటే పిల్లలు పెట్టే వయసువే. చెరువులో పిల్ల చిప్పలు లేవని బాబాయ్ అంటున్న ఈ రోజుల్లో మిగిలిన పెద్దవాటిని బస్తాల్లో తీసుకుపోతే దాన్ని సాగు అనడానికి నాకు నోరు రాదు. ఫోన్ చేసిన పిల్లలకు నేను చెప్పేది ఇదే: ముత్యం కంటే ముందు చిప్ప పిల్లలను చేప మీద పెంచి చూపించు. అది వచ్చినవాడికి ముత్యం లెక్క కాదు. చెరువులూ నీకు రుణపడతాయి.

మా వైపు డెల్టా ఊళ్లలో ఏటా వేసవికి కాలువలు కట్టేస్తారు, మరమ్మతులకీ పూడిక తీయడానికీ. నీరు దిగేకొద్దీ అడుగున బురదలో గీతలు బయటపడేవి. వంకర టింకరగా పోయి పోయి ఒకచోట ఆగేవి. ఆగినచోట వేలు దూర్చితే చిప్ప. మా చిన్నప్పుడు అదే మాకు వేసవి సెలవుల పని. కాలువ కట్టేసే రోజులు, మాగాయ పెట్టే రోజులు ఒకటే. నాయనమ్మకు పెద్ద ఖాళీ చిప్పలు కావాలి. ఉబ్బుగా ఉన్న వీపును తడి నాపరాయి మీద వేసి అరగదీస్తే కాసేపటికి కోలగా రంధ్రం పడుతుంది. ఆ రంధ్రపు అంచు కత్తికి తీసిపోదు. కాయ మీద లాగితే చెక్కు రిబ్బనులా రంధ్రంలో నుంచి లోపలికి వచ్చి పడుతుంది, చేయి తెగదు. ఇనుప కత్తి తగిలితే ముక్క నల్లబడుతుందని ఆవిడ పట్టుదల. అరగదీసేటప్పుడు మొదట గోధుమరంగు పలచటి పొర పోతుంది, తరువాత తెల్లటి సున్నపు పొర, ఆఖరున మెరిసే ముత్యపు పొర. కాలేజీలో చిప్ప అడ్డుకోత బొమ్మ వేయమన్నప్పుడు నాకు పుస్తకం తెరవాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు కొన్నిచోట్ల కాలువకు సిమెంటు పక్కలు, సిమెంటు అడుగు వచ్చాయి. నీరు వృథా పోకూడదన్నది న్యాయమే. కానీ పాదం దించడానికి ఇసుక లేనిచోట చిప్ప ఎక్కడుంటుంది? మిగిలినచోట్ల గుర్రపుడెక్క పరుచుకుని, కుళ్లి, అడుగున గాలి లేకుండా చేస్తోంది. చెరువుల్లో నాచు చావడానికి మైలుతుత్తం చల్లుతారు, అందులో ఉండేది రాగి. రాగి అంటే ఆల్చిప్పకు, అందులోనూ పిల్ల చిప్పకు, పడనే పడదు. అమ్మోనియా అంతే. పూడిక తీసేటప్పుడు యంత్రం ఒక్క తొట్టెతో మట్టినీ చిప్పలనూ కలిపి ట్రాక్టరులో వేస్తుంది. పూడిక మట్టి పొలానికి బలం, రైతు సంతోషిస్తాడు, నేను కాదనను. మరునాడు ఆ పొలంలో నత్తగుల్ల కొంగలకు విందు. శ్రీకాకుళం జిల్లా తేలుకుంచికి ఏటా గూళ్లు కట్టడానికి వచ్చేది ఈ పక్షే. దాని ముక్కు మూసుకున్నా మధ్యలో సందు ఉంటుంది. కింది ముక్కు కొసను దూర్చి నత్త కండరాన్ని కోసి, గుల్ల పగలకుండా మాంసం లాగేస్తుంది. కొంగ తినేది కొంత. మిగతాది ఎండకు పోతుంది.

చేప కూడా మారింది. అతిథేయిగా ఎవరో ఒకరు సరిపోరు, చాలా చిప్ప జాతులకు ఫలానా చేపలే కావాలి. పరాయి చేప మొప్పకు అంటుకున్న డింభకాన్ని ఆ చేప ఒళ్లే విదిలించేస్తుంది. చెరువును వేలం పాడి, పాత చేపలన్నీ తీసేసి, రెండు మూడు రకాల పిల్లలే వదిలితే చిప్ప కాన్పుకు వచ్చిన ఏడాది చేరాల్సిన చేప ఉండకపోవచ్చు. బాబాయ్ చెప్పిన ముసలి చిప్పల లెక్కకు నా దగ్గరున్న సమాధానం ఇది. అమెరికాలో డ్యాములు కట్టాక చేప ఎదురెక్కడం ఆగిన నదుల్లో జరిగిందీ ఇదే. 2023 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం ఇక లేవని జాబితా నుంచి తీసేసిన 21 జీవుల్లో ఎనిమిది మంచినీటి ఆల్చిప్పలే. అదే దేశంలో 1988లో బయటపడిన జీబ్రా చిప్పలు మాత్రం ఓడల నీళ్లలో వచ్చి, పైపుల్లో, పడవల మీద, చివరికి అక్కడి ఆల్చిప్పల వీపుల మీద కూడా గుంపులుగా అతుక్కుని పెరుగుతున్నాయి. వాటి డింభకాలకు చేప అక్కర్లేదు, నీళ్లలో తమంత తామే ఈదుతాయి. ఎవరి మీదా ఆధారపడని వాళ్లు ఇలాగే ఊరంతా ఆక్రమిస్తారేమో!

ఈ వేసవిలో మీ ఊళ్లో కాలువ కట్టేసినా, చెరువు పూడిక తీసినా ఒక పొద్దున వెళ్లండి. నోరు తెరుచుకుని ఉండి, తాకినా మూసుకోనిది పోయినట్టు. తాకగానే బిగుసుకునేది బతికే ఉంది. బతికున్నవాటిని తడి గోనెసంచిలో వేసుకోండి. బకెట్టు నీళ్లలో కుక్కకండి, గాలి ఆడదు. ఎండ ముదరకముందే నీరు మిగిలిన మడుగులోకి, అదే చెరువులోకో అదే కాలువలోకో చేర్చండి. వేరే ఊరికి మోసుకుపోవద్దు, రోగాలూ వెంట వెళతాయి. యంత్రం నడిపే అబ్బాయిని అడిగితే ఒక మూల తవ్వకుండా వదిలేయడానికి సాధారణంగా ఒప్పుకుంటాడు, టీ ఇప్పిస్తే ఇంకా త్వరగా. చిప్పను విసరకండి. లావుగా, గుండ్రంగా ఉన్న ముందు కొసను ఇసుకలోకి, సన్నటి వెనుక కొస పైకి ఉండేలా గుచ్చండి. ఏది ముందో, ఏది వెనకో తేలకపోతే పక్కకు పడుకోబెట్టి వచ్చేయండి. పాదం దించి నిలబడటం దానికి ఎవరూ నేర్పనక్కర్లేదు.